ముందు తీగ, తర్వాత గొట్టం

జగ్గయ్యపేట దాటి పాలేటి వైపు పోయే దారిలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక ఆసామికి పదెకరాల మిరప చేను, ఇంటి ముందు వేపచెట్టు, ఆ చెట్టు నీడన తండ్రి కొన్న అంబాసిడర్ కారు ఉండేవి. ఊళ్లో పెళ్లికూతుళ్లు దిగింది ఆ కారులోంచే. అర్ధరాత్రి నొప్పులొస్తే నందిగామ ఆస్పత్రికి చేర్చింది ఆ కారే. ఎవరింట్లో ఏ అక్కర వచ్చినా ఆయన గుమ్మం ముందుకే వచ్చి నిలబడేవాళ్లు. ఆయన ఎన్నడూ కాదనలేదు.

ఇది తొంభైల నాటి మాట. కారుకు వయసు మీద పడింది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బోరు అరిగిపోయి, ఆయిలు తాగుతూ నీలం పొగ వదులుతోంది. ఆ ఏడు మిరప రేటు కూడా పడిపోయింది. "అమ్మేద్దామా?" అని భార్య మెల్లగా అడిగితే ఆసామి మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు పొద్దున్నే లేచి, కారు అమ్మేది లేదు, డీజిల్ ఇంజన్ ఎక్కిద్దాం అన్నాడు.

మెట్ట ప్రాంతంలో అప్పట్లో అదేమంత వింత కాదు. పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజన్లు, ఒక బండికి ఇంకో బండి గేరుబాక్సు ఎక్కించడం చాలా షెడ్లలో జరిగే పనే. విజయవాడ ఆటోనగర్‌కు పోతే తుక్కు కొట్లలో ఇంజన్లు బియ్యం బస్తాల్లా వరుసలు తీరి ఉండేవి. ఆసామి బావమరిది అక్కడే లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేసేవాడు. వారం తిరక్కుండా కబురు పంపాడు: "బావా, మ్యాటడోర్ ఇంజన్ దొరికింది. పంపు బాగుంది, హెడ్డు బాగుంది. మానిఫోల్డు ఒక్కటే చెవి విరిగి ఉంది. అది పెద్ద లెక్క కాదులే." మ్యాటడోర్ అంటే బజాజ్ టెంపో వాళ్ల వ్యాను. మెర్సిడెస్ బెంజ్ నమూనాలో మన దేశంలోనే తయారైన డీజిల్ ఇంజన్ దానిది, దాదాపు 2400 సీసీ. బరువు ఎక్కువ, మోత ఎక్కువ, కానీ మొండి ఘటం. మానిఫోల్డు అంటే సిలిండర్ల పొగను ఒక్క మూతిలోకి చేర్చి బయటికి పంపే ముక్క.

ఇంజన్ సంగతి చెప్పడానికి ఆసామి నందిగామ పోయాడు. హైదరాబాదు రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో, తండ్రి కాలం నుంచి ఆ కారును చూసిన ముసలి మేస్త్రి ఉన్నాడు. ఇంజన్ ఎంతకు కొన్నావని ఆయన అడగలేదు. ఎంత మైలేజీ వచ్చుద్దనీ అడగలేదు.

"పొగ ఎటు వైపు?" అన్నాడు.

"అంటే?"

"మీ పాత ఇంజన్‌కి కార్బురేటరూ మానిఫోల్డూ రెండూ ఎడమ వైపే. స్టీరింగు కుడి వైపు. కంపెనీ వాడు అలా చూసుకునే కట్టాడు. ఈ మ్యాటడోర్ దానికి మానిఫోల్డు కుడి వైపు. అంటే నిప్పు వచ్చి నీ కాళ్ల దగ్గర కూర్చుంటది. అక్కడ స్టీరింగు కడ్డీ ఉంది, బ్రేకు మాస్టర్ సిలిండరుంది, దాని పైపులున్నాయి. ఇంజన్ కూర్చోబెట్టాక నాలుగు రోజులు నాకు వదిలెయ్. తీగ వంచి చూస్తా. తీగ ఏ దారిన పోతే గొట్టం ఆ దారిన పోద్ది. ముందు తీగ, తర్వాత గొట్టం."

ఆసామి తల ఊపాడు గానీ మనసు ఊగలేదు. పది రోజుల్లో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి చిన్న తిరునాళ్లు. ఇంజన్ మారాక మొదటి ప్రయాణం అమ్మవారి దగ్గరికే అని భార్య మొక్కుకుంది. నాలుగు రోజులు తీగ వంచుతూ కూర్చుంటే మొక్కు తప్పిపోద్దని ఆయన బెంగ.

అంతలో బావమరిది ఒక అట్టపెట్టె పట్టుకుని దిగాడు. విప్పితే లోపల మెరిసిపోయే స్టెయిన్‌లెస్ గొట్టాలు. నాలుగు రంధ్రాల నుంచి నాలుగు గొట్టాలు వేర్వేరుగా బయల్దేరి, వంకీలు తిరిగి, కింద ఒక్క మూతిలో కలుస్తున్నాయి. వెల్డింగు గీతలు పూసల్లా ఉన్నాయి. "బావా, ఇది రేసు కార్లకు వేసే రకం. ఆర్డరిచ్చి చేయించాను. పాత బీడు ముక్క వేస్తే ఇంజన్‌కి ఊపిరాడదు. ఇది వేస్తే గుర్రమే!" అన్నాడు. వాడికి బావంటే నిజంగా ప్రేమ. సగం డబ్బు తన జేబులోంచే పెట్టాడు.

జగ్గయ్యపేటలోనే ఒక షెడ్డులో రెండు రోజుల్లో బిగించేశారు. స్టార్టు చేస్తే చప్పుడు గుండెల్లో మోగింది. పిల్లలు కారు చుట్టూ చేరారు. బానెట్ ఎత్తి ఆ గొట్టాలను చూపిస్తుంటే ఆసామికి తన తండ్రి మొదటిసారి ఆ కారును ఊళ్లోకి తెచ్చిన రోజు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

తిరునాళ్ల రోజు ఆరుగురు ఎక్కారు. వెనక సీట్లో భార్య, ఆమె ఒళ్లో చిన్నమ్మాయి, పక్కన తల్లి, మొక్కుబడి సారె. పెనుగంచిప్రోలు దగ్గరపడే కొద్దీ ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు, ప్రభలు, డప్పులు. గంటకు పైగా ఫస్టు గేరులోనే జరిగారు. ఫాల్గుణ మాసపు ఎండ. బండి కదిలితేనే కదా ఇంజన్‌కి గాలి తగిలేది. దర్శనం అయింది, మున్నేట్లో కాళ్లు కడుక్కున్నారు, సాయంత్రం మళ్లీ అదే రద్దీలో తిరుగు ప్రయాణం. జనం పల్చబడ్డాక సాగర్ కాలువ కట్ట ఎక్కి దిగుతుండగా ఆసామి బ్రేకు తొక్కాడు.

పెడలు నేలకు ఆనుకుపోయింది. బురదలో కాలు దిగినట్టు దిగిపోయింది. కింద ఏమీ లేదు.

మళ్లీ తొక్కాడు. అదే. ఎదురుగా కట్ట దిగువన మిరప కళ్లం, దాని అంచున కాయలు ఏరుతున్న ఆడవాళ్లు. ఆయన అరుస్తూ హారన్ మీద చెయ్యి పెట్టి, గేరు కిందికి లాగి, హ్యాండ్ బ్రేకు పట్టుకుని మొత్తం ఒంటితో వెనక్కి వాలాడు. వాళ్లు పక్కకు దూకారు. కారు కుదుపుతో పోయి ఎండు మిరపకాయల కుప్పలో ముక్కు పెట్టి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మిరప ధూళి లేచి చిన్నమ్మాయి కళ్లు మండి గుక్కపట్టి ఏడ్చింది. కళ్లం రైతు ఒక్క మాట అనకుండా కుండలో నీళ్లు తెచ్చి పాప మొహం కడిగాడు. పోయిన కాయలకు డబ్బిస్తానంటే తీసుకోలేదు.

అరగంట కూర్చున్నారు. చీకటి పడుతుండగా ఆసామి భయంభయంగా బ్రేకు తొక్కి చూశాడు. పెడలు రాయిలా గట్టిగా ఉంది.

మర్నాడు జగ్గయ్యపేట షెడ్డులో నాలుగు చక్రాలూ విప్పారు. సిలిండర్లు చూశారు, రబ్బర్లు మార్చారు, బ్రేకు ఆయిలు కొత్తది పోసి గాలి తీశారు. ఎక్కడా కారిన జాడ లేదు. తొక్కితే బ్రహ్మాండంగా పడుతోంది. "పెడలు మీద నీ కాలే సరిగా పడలేదేమో" అన్నారెవరో. ఆసామి కూడా అలాగే అనుకుని తన్ను తాను తిట్టుకున్నాడు. మూడో రోజు మిరప టిక్కీలు డిక్కీలో వేసుకుని మధ్యాహ్నం ఎండలో చిల్లకల్లు దాకా పోయాడో లేదో, పెడలు మళ్లీ మెత్తబడింది. ఆగి చల్లారనిస్తే మళ్లీ గట్టిపడింది.

తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మెల్లగా నడుపుకుంటూ నందిగామ చేరాడు.

మేస్త్రి ఏమీ విప్పలేదు. "పెడలు చల్లగా ఉన్నప్పుడు బాగుంటదా?" అని ఒక్కటే అడిగాడు. అవునన్నాక బానెట్ మూసేసి ఇంజన్ స్టార్టు చేయించి, రేసు పెంచి అరగంట అలాగే ఉంచాడు. తర్వాత గుడ్డపేలిక తొట్టిలో ముంచి, పిండి, బండి కిందికి వీపు మీద జరిగాడు. ఆసామి కూడా పక్కన నేల మీద పడుకుని చూశాడు. మేస్త్రి తడిగుడ్డ కొసను బ్రేకు పైపుకు తగిలించాడు.

సుయ్‌మంది. అట్లపెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుక్క గంతులేసి ఎగిరిపోయింది.

ఆ చోట పైపు మీది రంగు పూర్తిగా కాలిపోయి ఇనుము నెమలికంఠం రంగులోకి తిరిగింది. దాని పక్కనే మెరిసే గొట్టం. ఇప్పుడు మెరవడం లేదు, తేనెరంగుకు వచ్చింది. చల్లారాక మేస్త్రి తన చూపుడు వేలు ఆ రెండింటి మధ్య పెట్టాడు. వేలు సరిగ్గా పట్టింది. అంతే సందు.

"ఆయిలు మరిగింది నాయనా," అన్నాడు. "నీళ్లు మరిగితే ఆవిరి వచ్చినట్టే. ఆయిలును నొక్కితే ఆ నొక్కుడు చక్రం దాకా పోద్ది. ఆవిరిని నొక్కితే అదే ముడుచుకుంటది, చక్రానికి ఏమీ అందదు. చల్లారితే ఆవిరి మళ్లీ ఆయిలైపోద్ది. అందుకే విప్పిన వాళ్లకు ఎవరికీ దొరకలేదు. వాళ్లు చల్లారినాక విప్పారు."

ఆసామి చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు కళ్లంలో ఆడవాళ్లు..." అని ఆగిపోయాడు.

మేస్త్రి లేచి, మూల నుంచి జీఐ తీగ చుట్ట తెచ్చాడు. ఒక బారెడు తుంచి, కొసను మానిఫోల్డు మూతి ఉండాల్సిన చోట పట్టుకుని వంచడం మొదలుపెట్టాడు. తొందర లేదు. జానెడు వంచడం, చెయ్యి పెట్టి సందు చూడటం, మళ్లీ వంచడం. ఒక్కో మలుపు దగ్గర ఆగి ఆసామికి చెప్పాడు. ఇక్కడ స్టీరింగు బాక్సుంది, గ్రీజు కరిగి కారిపోద్ది, రెండంగుళాలు ఇటు. ఇక్కడ సెల్ఫు మోటారు, వేడి తగిలితే లోపల తీగచుట్ట మాడిపోద్ది. ఇక్కడ బ్రేకు పైపు, దీన్ని మనమే ఛాసిస్‌కి అవతల నుంచి తిప్పుదాం. తీగ డ్రైవరు సీటు దాటి వెనక్కి వచ్చింది. మేస్త్రి ఫ్లోరు రేకును కింద నుంచి వేలితో తట్టాడు. "ఇక్కడ, పైన, మీ పాప కాళ్లు పెట్టుకుంటది. గొట్టం ఇంకో అంగుళం కిందికి."

అప్పటిదాకా ఓర్చుకున్న ఆసామికి ఆ మాటతో దుఃఖం వచ్చింది.

విరిగిన చెవి ఉన్న పాత మానిఫోల్డునే మేస్త్రి ఎంచుకున్నాడు. ఎందుకంటే దాని ఒళ్లు ఇంజన్‌కు దగ్గరగా, పొట్టిగా ఉంది. మూతి నేరుగా కిందికి తిరిగి ఉంది. పక్కవాళ్లకు చోటు వదులుతుంది. బీడు వెల్డింగు చేసేవాడు దాన్ని బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, చెవి అతికి, రాత్రంతా బూడిదలో కప్పి మెల్లగా చల్లారనిచ్చాడు. తొందరపడి గాలికి పెడితే అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. లేతు మీద మొహం చదును చేయించారు. తీగ వంకలకు సరిపోయేలా మామూలు ఇనుప గొట్టం వంచారు. డీజిల్ ఇంజన్ రబ్బరు ఫౌండేషన్ల మీద ఊగుతుంది కాబట్టి మధ్యలో ముడతల గొట్టం ఒకటి అతికారు, సైలెన్సరు బరువు మానిఫోల్డు మీద వేలాడకుండా గేరుబాక్సుకు క్లాంపు పెట్టారు. ఫ్లోరుకూ గొట్టానికీ మధ్య రేకు తడక. రేకు ఫ్లోరుకు అంటకుండా మధ్యలో గాలి ఆడేంత సందు.

నాలుగు రోజులే పట్టింది. తీసేసిన మెరుపు గొట్టాన్ని ఏం చేయాలని బావమరిది తలవంచుకుని అడిగితే మేస్త్రి, "మంచి పనితనం రా అబ్బాయ్. దీనికి తగిన బండి వచ్చినప్పుడు వేద్దాం, దాచు" అన్నాడు. మరుసటి ఏడు అదే కుటుంబం, అదే కారు, అదే రద్దీలో పెనుగంచిప్రోలు పోయి వచ్చారు. తిరిగి వస్తూ ఆ కళ్లం దగ్గర ఆగి, రైతు ఇంటికి అమ్మవారి ప్రసాదం ఇచ్చి మరీ వచ్చారు.

కథ ఇంతే. ఇక నీతి.

మనం ఏదైనా ఇంటికి తెచ్చుకునేటప్పుడు అది మనకు ఏమిస్తుందో చూస్తాం. అది వదిలే వేడి, పొగ, మసి ఎవరి పక్క నుంచి పోతాయో చూడం. ఎంచుకోవడం అంటే నిజానికి ఆ రెండోదాన్ని చూడటమే. నందిగామ పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇది పుస్తకం చదివి తెలియాల్సిన పని లేదు. ఎండుమిరపకాయలు వేయించే మూకుడు దగ్గర ఉన్న ఇల్లాలు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. దగ్గు వచ్చేది పక్కింటి పసివాడికి. మంచి ఇల్లాలు మూకుడు పొయ్యి మీద పెట్టే ముందు గాలి ఎటు కొడుతోందో చూసి, ఆ కిటికీ మూస్తుంది.

ఇది విని మెరిసే గొట్టాలన్నీ చెడ్డవని, పాత బీడు ముక్కే ఎప్పుడూ మేలని ఎవరైనా అనుకుంటే ఆ మేస్త్రి మాట అందలేదన్నట్టే. నాలుగు సిలిండర్ల ఇంజన్ సాధారణంగా 1-3-4-2 వరుసలో పేలుతుంది. ఒకే గొంతున్న పొట్టి మానిఫోల్డులో మూడో సిలిండరు పొగ ఇంకా పోతూ ఉండగానే పక్కనున్న నాలుగోది గట్టిగా ఊదుతుంది. ఆ తోపుడుకు మూడోదాని పొగ వెనక్కి తగ్గుతుంది. రెండూ ఒకటీ కూడా అంతే. అందుకే ఒకటిని నాలుగుతో, రెండును మూడుతో జతచేసి, దూరం పోయాక రెండు జతలనూ కలిపే గొట్టాలు పుట్టాయి. బాగా తిరిగే పెట్రోలు ఇంజన్‌కు, పక్కన చోటున్న బండికి అవి నిజంగా మేలు చేస్తాయి. నాలుగు వేల పైచిలుకు తిరుగుళ్లు దాటని పాత డీజిల్‌కు, ఫస్టు గేరులో తిరునాళ్లకు పోయే కారుకు ఆ మేలు చాలా కొంచెం. ఆ కొంచెం కోసం బ్రేకును బలిపెట్టామని కాలువ కట్ట మీదగానీ తెలియలేదు.

వేడి విషయం ఇంకొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే కొట్లో చల్లగా ఉన్న వస్తువును చూసి కొంటాం, బండిలో అది ఎర్రగా కాలుతుంది. అర మీటరు పొడవున్న బీడు, అంటే పోత ఇనుము, ఆరువందల డిగ్రీల మేర వేడెక్కితే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ అదే వేడికి ఐదు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. వాటిని బిగించిన హెడ్డు నీళ్లతో చల్లబడుతూ నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి అర మిల్లీమీటరు కూడా సాగదు. ఆ తేడా అంతా స్టడ్ల మీద, ప్యాకింగు మీద, వెల్డింగు గీతల మీద పడుతుంది. కాబట్టి గొట్టాల మానిఫోల్డు కొనేవాళ్లు మెరుపు కంటే ముందు ఫ్లాంజి మందం చూడాలి. పలచని ఫ్లాంజి నాలుగు వేడెక్కుళ్లకే వంగుతుంది. నాలుగు రంధ్రాల మధ్య ఫ్లాంజిని కోసి విడదీశారా, స్టడ్డు రంధ్రాలు సాగుడుకు చోటిచ్చేలా కాస్త పెద్దగా ఉన్నాయా చూడాలి. రంధ్రం హెడ్డు రంధ్రానికి సరిపోవాలి. ప్యాకింగును రెండింటి మీదా పెట్టి గీత గీస్తే అక్కడే తెలిసిపోతుంది. పోత ఇనుముకూ ఒక బలహీనత ఉంది. ఎర్రగా కాలిన దాని మీద ఒక్కసారి చల్లని నీళ్లు పడితే పగులుతుంది. వర్షాకాలంలో వాగులు రోడ్డెక్కే మన ప్రాంతంలో ఆ సంగతి మరిచిపోకూడదు. 2023 జులైలో నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు జాతీయ రహదారి మీదికే వచ్చి బండ్లను ఆపేసింది.

బ్రేకు ఆయిలు లెక్క కూడా చెప్పాలి. మామూలు డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ అది గాలిలో తేమను పీలుస్తుంది. తేమ చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. ఎండాకాలంలో నందిగామ, జగ్గయ్యపేటల పేర్లు వాతావరణ వార్తల్లో ఎందుకు వినపడతాయో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. బయటి గాలే అంత వేడిగా ఉన్న చోట, ఒక వేలి సందులో ఎర్రని గొట్టం ఉంటే, 140 డిగ్రీలు ఎంత దూరం?

ఇంకొక పొరుగు కూడా ఉంది, అది కంటికి కనపడదు. చట్టం. ఆసామి కాలంలో షెడ్లలో జరిగినవన్నీ ఇవాళ జరపడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మూల స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన మూల ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చరాదని స్పష్టంగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే ముందు రవాణా అధికారి అనుమతి, తర్వాత ఆర్‌సీ పుస్తకంలో నమోదు ఉండాలి. శబ్దానికీ పొగకూ విడిగా హద్దులున్నాయి. దీన్ని అడ్డంకి అనుకునేవాళ్లకు నేను ఆ కళ్లంలోని ఆడవాళ్లను గుర్తు చేస్తాను. రోడ్డు మీద మన బండికి ఎదురయ్యే మనిషికి మన షెడ్డులో ఏం జరిగిందో తెలిసే వీల్లేదు. ఆ మనిషి తరఫున ముందే అడిగేవాడు ఒకడు ఉండాలి.

అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపాడాలో ఆగిపోయింది. అయినా తండ్రి కారును, తాత జీపును బతికించుకోవాలనే కుర్రాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. వాళ్లు ఫోన్లో బొమ్మ చూసి మానిఫోల్డుకు ఆర్డరు పెట్టే ముందు ఒక్క పూట ఆగి, బండి కింద దూరి, బారెడు తీగ వంచి చూడాలని నా కోరిక. తీగ ఎక్కడ ఇరుకున పడిందో అక్కడ ఎవరుంటారో రాసుకోవాలి. పైపైన చూస్తే అది చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, కానీ ఏ కొట్టువాడూ చెప్పలేని జవాబు ఆ తీగ చెబుతుంది.

బిగించాక పని అయిపోయిందని అనుకోకూడదని కూడా ఆ మేస్త్రే చెప్పేవాడు. మొదటిసారి బాగా వేడెక్కి చల్లారిన తర్వాత నట్లు మధ్య నుంచి చివరలకు మళ్లీ ఒకసారి బిగించాలి. ఆసామి అలాగే వారం తర్వాత తెల్లవారకముందే నందిగామ వచ్చి, షెడ్డు ముందు కారు ఆపి, మేస్త్రి లేచేదాకా ఎదురు చూశాడు. మేస్త్రి చల్లని ఇంజన్‌ను స్టార్టు చేయించి బానెట్ మీదికి వంగి చెవి పెట్టాడు. మానిఫోల్డు దగ్గర పొగ కారుతుంటే చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మని సన్నగా వినపడుతుంది, వేడెక్కి ఇనుము సాగితే ఆ చప్పుడు మాయమవుతుంది. రెండో నట్టు దగ్గర వేలితో తుడిచి చూసుకున్నాడు. వేలికి కాటుకలాంటి మసి అంటింది. స్పానర్ అందుకుని పావు చుట్టు తిప్పి, మళ్లీ చెవి పెట్టి, ఈసారి చాలాసేపు విన్నాడు.